పోలికకు పెట్టిన రక్తం

"నోరు ఎక్కువ వాడితే మూలలు గట్లనే పగుల్తయి" అంది భాగ్యమ్మ, కోడలు పెదవుల చివర నెయ్యి రాసుకోవడం చూసి. పక్కన మిక్సీ జగ్గులో పాలు పోసుకుంటున్న తిరుపతి, తల్లి మాటకు నవ్వాడు.

మమత ఇంకాస్త నెయ్యి అద్దుకుంది. ఎదురు చెబితే మూలలు ఇంకా చిట్లుతాయి, అదీ నిజమే. ఇంటికి వచ్చేవి రెండు పాల ప్యాకెట్లు. ఒకటి మొగుడి ప్రొటీన్ పొడికి. ఐటీ కంపెనీలో ఫెసిలిటీ సూపర్‌వైజరతను. జిమ్ నుంచి వచ్చి అది తాగకపోతే కండ నిలవదంటాడు. రెండోది అత్త చాయ్‌కి, పెరుగు తోడుకి, కూతురు చిన్ను సగం గ్లాసుకి. పాల గిన్నె తొలిపిన నీళ్ళలో చాయ్ పత్తా వేసుకోవడం మమతకు అలవాటైపోయింది. గుడ్లూ అంతే. ఉడకబెట్టేది ఆమె, ఒలిచేది ఆమె. మగవాడు తిన్నాక, పెద్దామె తిన్నాక గిన్నెలో ఏముంటే అది ఆమెది. తినొద్దని ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరైనా అని ఉంటే ఎదురు చెప్పేదేమో. పుప్పాలగూడలో ఈ ఇంటికొచ్చిన మొదటి వారమే అత్త మెత్తగా చెప్పింది. "మా ఇంట్ల ఆడోళ్ళు వడ్డించినంక తింటరు బిడ్డా. నేను గట్లనే తిన్న." ఇప్పుడు ఆ వరస చిన్నుకూ వచ్చింది. ఆకలైనా వంటింటి తలుపు పక్కన నిలబడి "నేను అమ్మతోని తింట" అంటుంది. "బంగారుతల్లి. ఆడపిల్లంటే గిట్లుండాలె" అని నాయనమ్మ మురుస్తుంది.

"పోయిరా. ఎలుకలు ఎదురుచూస్తుంటయి" అన్నాడు తిరుపతి. భార్య ఉద్యోగానికి అతను పెట్టిన పేరు ఎలుకలకు అన్నం పెట్టే కొలువు.

ఆ మాటలో కొంత నిజముంది. హైటెక్ సిటీలో ఒక గాజు మేడలో ఆ పోషకాహార ల్యాబు. ఎలుకల గదిలో పిల్లతల్లి ఎలుకకు మేత ఒక్క పూట తగ్గినా ల్యాబు పెద్ద సోమేశ్వరరావు సారు ఊరుకోడు. "అది పాలిచ్చే జీవమండి, దానికి ముందు పెట్టండి" అంటాడు. మమత పెట్టి, తలుపు వేసి వస్తుంది. ఎందుకో ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయేది, ఆమె వెంట బయటికి వచ్చేది కాదు.

ఆమె అసలు పని రక్తంతో. గర్భిణుల ఒంట్లో బీ2 విటమిన్ ఎంత తక్కువైందో చెప్పే పరీక్ష తయారుచేస్తోంది. ఎర్రకణాల్లో ఒక ఎంజైము ఉంటుంది. ఆ విటమిన్ జోడీ లేనిదే అది కదలదు. రక్తాన్ని ట్యూబులో పోసి, పైనుంచి విటమిన్ వేసి చూడాలి. కడుపు నిండిన మనిషి రక్తమైతే పెద్దగా చలించదు. లోటున్న రక్తమైతే ఎంజైము నిద్ర లేచినట్టు లేచి పరుగు తీస్తుంది. ఎంత పరుగైతే అంత ఆకలి. ఇవన్నీ పోల్చి చూడటానికి పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఉండాలి. దాన్ని కంట్రోల్ అంటారు. ల్యాబుల్లో అందరూ చేసేదే మమతా చేసింది. తన చేతి రక్తమే తీసి కంట్రోల్‌గా పెట్టింది.

పరీక్ష కుదరలేదు. మళ్ళీ చేసినా కుదరలేదు. కదలకూడని కంట్రోలే అందరికన్నా ముందు పరుగెడుతోంది.

"మీ చేతులు నిలకడగా లేవమ్మా. ఇంట్లో ఏమైనా గొడవలా?" అన్నాడు సోమేశ్వరరావు ఆ ఉదయం. "సాయంత్రం మీటింగులో కారణం చెప్పండి. లేదంటే ఈ పని వేణుకిచ్చేస్తాను."

ఎమ్మెస్సీ చదివి, పెళ్ళయ్యాక పోట్లాడి తెచ్చుకున్న పని అది. ఇంట్లో ఏదీ తనదని అడగని మనిషి, దీన్ని మాత్రం తనదనుకుంది.

మధ్యాహ్నం అన్నం మానేసి, ల్యాబులో తనతో పనిచేసే వేణు బల్ల దగ్గరికి వెళ్ళింది. "జర చెయ్యి ఇయ్యి వేణూ. నీ రక్తం గావాలె."

"తీస్కో మేడం. ఇంట్ల మా ఆవిడ పీల్చంగ మిగిలింది ఉంటది" అని చొక్కా చెయ్యి మడిచాడు.

రెండు రక్తాలూ పక్కపక్కన పెట్టింది. అదే మిషను, అవే చేతులు. విటమిన్ వేసి తెర ముందు కూర్చుంది. వేణు గీత నేలబారుగా సాగింది. తన గీత వంగి, వంగి, నిటారుగా లేచింది.

మమత చెయ్యి దానంతటదే నోటి మూలకు పోయింది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూసింది, చిట్లిన పెదవుల చివరలు, కింద ఈ విటమిన్ పేరు. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకుంది. ఇన్ని నెలలుగా పొద్దున్నే అద్దంలో అదే బొమ్మ చూసుకుంటూ నెయ్యి రాసుకుంది. ఎలుక మూతి మీద అయితే ఒక్క చూపులో పట్టేసేది. తన ముఖాన్ని తానెప్పుడూ ఆ కళ్ళతో చూడలేదు. మంచి రక్తానికి గుర్తుగా తన్ను తానే పెట్టుకుంది.

వేణు వెనక నుంచి తొంగిచూసి ఏదో జోక్ వెయ్యబోయి మానుకున్నాడు.

ఇక మీటింగుకు వేళయింది. చెయ్యి తప్పిందంటే పని పోతుంది. చెయ్యి తప్పలేదంటే ఇంటి సంగతి బయటపడుతుంది. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. తెర మీద ఆ రెండు గీతలు.

"కారణం దొరికిందా అమ్మా?"

"మిషను సరిగ్గానే ఉంది సార్. చేతులూ సరిగ్గానే ఉన్నాయి. కంట్రోల్ తప్పు. అది నా రక్తం."

సోమేశ్వరరావు కళ్ళజోడు తీశాడు. నిటారు గీత వైపు చూసి, మమత పెదవుల వైపు చూశాడు. "ఇదేంటండీ. ఇంట్లో పాలూ గుడ్లూ ఉండవా?"

"ఉంటాయి సార్."

మమత తెర మీది నిటారు గీత వైపు తిరిగింది.

"నా దాకా రావు" అంది మమత.

అంత మామూలుగా చెప్పగలిగింది. అది ఆమెకే వింతగా ఉంది. సారు గీతల వైపే చూస్తూ, "కంట్రోల్ మార్చి పని మీరే చెయ్యండి" అన్నాడు. తర్వాత ఎలుకల గదిలో మాట్లాడే గొంతుతో, "ముందు తినండమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి గుడ్లు ఉడకబెట్టింది. ఒలిచింది. తిరుపతి ఫోన్ చూస్తూ బల్ల ముందు కూర్చున్నాడు. భాగ్యమ్మ అతని పక్కన. చిన్ను ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడింది.

మమత కుర్చీ లాక్కుని కూర్చుంది. తన కంచంలో అన్నం పెట్టుకుంది, గుడ్డు పెట్టుకుంది.

"అదేందే, మొగోడు ముట్టనే లేదు" అంది భాగ్యమ్మ.

"ఆకలైతుంది అత్తమ్మా."

"ఎవ్వరికి గాదు ఆకలి? మేము తట్టుకోలేదా?"

"తట్టుకున్నరు" అంది మమత. అత్త నోటి మూలల్లో పాత గీతలు అప్పుడు కనిపించాయి ఆమెకు. ఇంకో గుడ్డు తీసి భాగ్యమ్మ కంచంలో పెట్టింది. "చిన్నూ, కంచం తెచ్చుకో. వచ్చి కూసో."

పిల్ల నాయనమ్మ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. కంచం తెచ్చుకుంది. మమత మూడో గుడ్డు దాని కంచంలో వేసింది.

తిరుపతి ఫోన్ పక్కన పెట్టాడు. "మరి నాకేం మిగిలింది?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న బయటికి వినబడటం అదే మొదలు.

"గిన్నెల చూస్కో" అంది మమత. "నేను రోజు అట్లనే చూస్కుంట."

గుడ్డు కొరకడానికి నోరు పూర్తిగా తెరిచింది. మూలలు చుర్రుమన్నాయి. ఆమె నములుతూనే ఉంది.