లారీ ఎక్కిన పొలిమేర

మా పల్లెనూ, ఫెరార్గంజ్ దాకా ఉన్న మిగతా పల్లెలనూ పట్నంతో కలిపి ఒకే పురపాలక సంఘం చేశారు. చేసినవాళ్లకి మా అమ్మవారి పండగ ఎప్పుడో తెలియదు. సరిగ్గా పండగ రేపనగా మనుషులు వచ్చి, ఊరి చివరి పంచాయతీ బోర్డు పీకి పట్టుకుపోయారు.

బోర్డేగా, పోతే పోయిందని ఇంకెవరైనా అనుకుంటారు. మాకు అలా కుదరదు. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని ఈ దీవికి వచ్చినప్పుడు అమ్మవారిని వెంట తెచ్చుకున్నారు గాని, పొలిమేరను తెచ్చుకోలేకపోయారు. అక్కడైతే ఊరు ఎక్కడిదాకానో పసిపిల్లలకీ తెలుసు. ఇక్కడ ఒకవైపు సముద్రం, మిగతా వైపులా అడవి. ఎటూ తేలక, సర్కారువాళ్లు పాతిన బోర్డు దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఈ బోర్డు దాకా నీదే తల్లీ, దీనికి ఇవతల ఏ కీడూ రానివ్వకు అని మొక్కారు. బోర్డుకు కాళ్లుండవని వాళ్ల నమ్మకం.

పండగనాడు పసుపునీళ్ల ఘటాన్ని నెత్తిన పెట్టుకుని, ఉపవాసంతో, చెప్పుల్లేకుండా పొలిమేరకు నడిచి, అక్కడ ఆ నీళ్లు పోయాలి. పోసేదాకా ఘటం దించకూడదు. ఈ ఏడు ఘటం ఎత్తింది నా భార్య యర్రమ్మ. మా అమ్మాయి స్వాతికి కాన్పు కష్టమై, తల్లీబిడ్డా దక్కుతారో లేదో అన్నప్పుడు, ఇద్దరినీ ఇస్తే ఘటం మోస్తాననీ, పొలిమేరకు చేర్చేదాకా బిడ్డను చేతుల్లోకి తీసుకోననీ మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. మనవరాలు లహరి ఇప్పుడు పాకుతోంది. అది పాకుతూ దగ్గరికొస్తే యర్రమ్మ చేతులు వెనక్కి కట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోతుంది.

పొద్దున డప్పులతో బయల్దేరి ఊరి చివరికి వెళ్తే, అక్కడ గొయ్యి ఉంది. రాత్రి కురిసిన వానకి నిండి ఉంది. బోర్డు ఉన్న చోటు ఇదే కదా, ఇక్కడ పోసేయమని మెల్లగా అన్నాను.

"గొయ్యికి మొక్కినానేటి నేను?" అంది యర్రమ్మ.

పూజారి అప్పయ్య గొయ్యిలోకి కాసేపు చూసి, తాతలు చెప్పింది బోర్డు సంగతే గాని గొయ్యి సంగతి కాదన్నాడు. బోర్డు ఎక్కడుంటే పొలిమేర అక్కడే. యర్రమ్మ తమ్ముడి కొడుకు రామ్‌ప్రసాద్ పురపాలక సంఘంలోనే ఇన్‌స్పెక్టరు, పట్నంలోని డిగ్నాబాద్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే, పురపాలక సంఘం హద్దు చూపే కొత్త బోర్డు లారీ ఎక్కించామనీ, సాయంత్రంలోగా ఫెరార్గంజ్ అవతల పాతుతామనీ చెప్పాడు. నేనా మాట అందరికీ చెప్పడం పూర్తి కాకముందే యర్రమ్మ ట్రంకు రోడ్డు మీద నడక మొదలుపెట్టేసింది. ఆవిడ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. ఫెరార్గంజ్‌కి బస్సులో కూర్చుని వెళ్లినా దిగాక కుంటుతుంది. వెనకాలే నడిచాను. స్వాతి బిడ్డతో ఆటో ఎక్కింది.

కొంతదూరం పోయేసరికి లారీ వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటింది. దాని మీద బోర్డును తాళ్లతో కట్టి నిలబెట్టారు. అప్పయ్య దండం పెట్టి, పొలిమేర వెళ్లిపోతోందన్నాడు. డప్పులవాళ్లు జోరు పెంచారు. లారీ ముందుకు పోయేకొద్దీ మా ఊరు పొడుగవుతోంది. ముక్కూమొహం తెలియని ఇంతమందిని అమ్మవారు ఒక్క పూటలో ఎలా గుర్తుపెట్టుకుంటుందా అనిపించింది నాకు.

లారీలోంచి మేనత్తను చూసిన రామ్‌ప్రసాద్, హల్దార్ టీకొట్టు దాటాక లారీ ఆపించాడు. ఆవిడ నడవలేకపోతోందని లారీనే వెనక్కి నడిపించసాగాడు. అప్పుడు వచ్చింది చిక్కు. బోర్డు తన కొట్టు దాటి వెనక్కి పోతే ఇంటిపన్ను తప్పుతుందని హల్దార్ రోడ్డు మీదికొచ్చి, రా రా అని డ్రైవరుకు చేతులూపాడు. బోర్డు అవతలే ఉంటే ఇంటికి కుళాయి వస్తుందని అతని భార్య లారీ వెనక ఖాళీ బిందెలు వరసగా పెట్టింది. డ్రైవరు కాస్త వెనక్కి, కాస్త ముందుకి పోనిస్తున్నాడు. దాన్నిబట్టి అప్పయ్య యర్రమ్మను నడవమంటున్నాడు, ఆగమంటున్నాడు. ఘటంలోని నీళ్లు తొణికి ఆవిడ మొహం మీద కారుతున్నాయి.

"సత్యారావ్ భయ్యా, అబ్ మై అందర్ హూఁ యా బాహర్?" అని అడిగాడు హల్దార్. లారీ వైపు చూసి, బయట ఉన్నావన్నాను. అనేలోపు లోపలికి వచ్చేశాడు.

యర్రమ్మ నిలబడిపోయింది.

"ఒరే ప్రసాదూ, ఆ బోర్డు దించు."

"అత్తా, మై క్యా కరూఁ? అప్రూవైన జాగాలోనే పాతాలి. ఇక్కడ పాతితే నా నౌకరీ పోద్ది."

"పాతమన్నానేటి? పట్టుకో."

రామ్‌ప్రసాద్ కాసేపు ఆవిడ కాళ్లకేసి చూశాడు. తర్వాత తాళ్లు విప్పించి, బోర్డు దింపి, టీకొట్టు ఎదురుగా రోడ్డు పక్కన నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. యర్రమ్మ పసుపునీళ్లన్నీ పోసింది. సగం బోర్డు మీద, సగం అతని తెల్లచొక్కా మీద పడ్డాయి. ఘటం కింద పెట్టి, బోర్డుకు మొక్కింది. అతనికీ మొక్కినట్టే అయింది.

అతను బోర్డు ఎత్తబోతుంటే అప్పయ్య గబగబా అడ్డం వెళ్లాడు. నీళ్లు పోశాక, డప్పు ఆగేదాకా పొలిమేర కదలకూడదు. కదిలితే ఊరికి అరిష్టం. ఇప్పుడు ఊరంటే పట్నం కూడాను. రామ్‌ప్రసాద్ కదల్లేదు.

యర్రమ్మ టీకొట్టు బల్ల మీద కూర్చుని చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. స్వాతి బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టింది. లహరి ఆవిడ ముక్కుపుడక పట్టుకుని లాగింది. ఆవిడ లాగించుకుంది.

నేను అప్పయ్యను పక్కకు పిలిచి, అమ్మవారు నిజంగా బోర్డు దాకానే చూస్తుందా, ఆ తర్వాత కళ్లు మూసుకుంటుందా అని అడిగాను. ఇలాంటివి భోంచేశాక అడగాలన్నాడు.

డప్పులవాళ్లకి చేతులు నొప్పెట్టి మోత మందగించింది. ఆ మోతకే నవ్వుతున్న లహరి పెదవి విరిచింది. యర్రమ్మ బిడ్డను వదలకుండా, వాయించమని వాళ్లకి గడ్డంతో సైగ చేసింది. డప్పు మళ్లీ అందుకుంది.

"అత్తా, ఇంకెంతసేపు?"

"పాప నవ్వతంది కదరా," అంది యర్రమ్మ.

హల్దార్ భార్య టీ గ్లాసు తెచ్చి, ఒక కాలు ఊళ్లో, ఒక కాలు బయట పెట్టి, రామ్‌ప్రసాద్ నోటికి అందించింది.