కొండెక్కించే మాట

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, నోట్లో రెండు స్క్రూలు పట్టుకొని, బాలనర్సింహ ఆ తెల్ల డబ్బాను గోడ నుంచి ఊడదీస్తున్నాడు. మూడేళ్ల కింద తన చేత్తోనే బిగించిన డబ్బా. చివరి స్క్రూ రానని మొరాయించింది.

"పొయ్యేటప్పుడు గూడ సతాయిస్తవారా?" అన్నాడు దానితో.

సన్నటి మనిషి, యాభై ఏడేళ్లు. కుడి బొటనవేలి గోరు ఎప్పటిదో సుత్తి దెబ్బకు నల్లబడి అలాగే ఉండిపోయింది. టెస్టర్ క్లిప్పు గుచ్చి గుచ్చి చొక్కా జేబు అంచు చిరిగితే, భార్య పుష్పమ్మ చేతికందిన నీలం దారంతో కుట్టేసింది. లాల్‌దర్వాజా గల్లీల్లో ముప్పై నాలుగేళ్లుగా వైర్లు లాగుతున్నాడు. అతను ఒకసారి చేసిన పనికి మళ్లీ పిలవనక్కర్లేదని అక్కడ పేరు. అతనికున్న ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని కాస్తా ఈ డబ్బా మట్టిలో కలిపింది. ఈ ఒక్క ఇంటికే పంతొమ్మిదిసార్లు వచ్చాడు.

ఇల్లు రామచంద్రరావుగారిది. కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తెనాలి వైపు మనిషి, చెవులు సరిగా వినపడవు. భార్య వెంకటలక్ష్మికి మూడేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆమె పడుకునే నడిమి గదికి కిటికీ లేదు, పగలు కూడా లైటు కావాలి. ప్రతిదానికీ ఎవరో ఒకరి కోసం కేకలు వేయాలి. అందుకే నోటిమాటతో లైటూ ఫ్యానూ నడిచే డబ్బా తెచ్చి బిగించాడు బాలనర్సింహ. ఆమెకై ఆమె చేసుకోగలిగిన పనులు ఇప్పుడు ఆ రెండే.

డబ్బా బుర్ర మాత్రం డబ్బాలో లేదు, ఎక్కడో దేశం కాని దేశంలో ఉంది. పక్కనే మంచం మీదున్న మనిషి మాట సముద్రాలు దాటి వెళ్లి రావాలి. పోయిన వారం గౌలిపురలో రోడ్డు తవ్వి నెట్ కేబుల్ తెంపారు. అంతలో కరెంటు పోయి వచ్చింది. ఆగిన ఫ్యాను మళ్లీ తిరగలేదు, మాట వినే దిక్కు లేదు. ముందుగదిలో పేపరు చదువుతున్న రావుగారికి ఆమె కేకలు వినపడలేదు. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే, చెమటకు తడిసి ముద్దై ఏడుస్తోంది. అది చాలదన్నట్టు, ఈ నెలాఖరుకు సర్వర్ బంద్ అని కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టారు.

"గౌలిపురల తవ్వితే లాల్‌దర్వాజల ఫ్యాన్ తిరగకపోవుడేంది సార్? గిదేం దిమాకున్న డబ్బా?" అని బాలనర్సింహ వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసి, ఇంట్లోనే ఉండి ఇంట్లోనే మాట వినే డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. నెట్‌తో పనిలేదు.

నల్ల డబ్బాను గూట్లో పెట్టి, ఫోను తీసి మంచం పక్కన కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. నిచ్చెన మోయడం వల్లే అనుకున్నాడు.

"ఇది ఎవ్వల్నీ అడగదమ్మా. మీరే మాట చెప్తే గదే నేర్పిస్త. లైట్ ఎయ్యనీకి ఏమంటరు?"

"దీపం పెట్టు అంటాను."

"మంచిది. బంద్ చెయ్యనీకి?"

"నీకు తెలుసుగా, నాయనా."

తెలుసు. తెలిసే అడిగాడు, ఈసారైనా మారుతుందేమోనని. మూతి వంకరపోయాక ఆమెకు 'ఫ' పలకదు. 'ఆఫ్' అనబోతే 'ఆప్' అని వస్తుంది. పాత డబ్బా దాన్ని హిందీలో 'మీరు' అనే పలకరింపు అనుకొని, తాను క్షేమమేనని మర్యాదగా జవాబు చెప్పేది.

"బంద్ అనుండ్రి."

"బంద్ అంటే బస్సులు ఆపడం. దీపాన్ని అంటారా?"

"పోనీ, ఆర్పు అనుండ్రి."

"ఆ మాట మా ఇంట్లో ఎవరం అనం. కొండెక్కించు అంటాం."

"ఎల్ఈడీ బల్బమ్మా అది! తొమ్మిది వాట్లు! ఏ కొండ ఎక్కుతది?"

ఆమె పెదవి బిగించింది. మూడేళ్ల పేచీ ఇదే. ఆమె కొండెక్కించమంటే, పాత డబ్బా ఏ కొండకు దారి కావాలని అడిగేది. చివరికి రావుగారే వచ్చి స్విచ్ నొక్కేవారు.

తల కొట్టుకొని ఫోన్లో ఆ మాట కొట్టాడు. ఆమె పలికింది. లైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ పలికింది. ఉలుకూ పలుకూ లేదు. అద్దాలు పెట్టుకొని చూస్తే, ఫోను తన తెలివి చూపించి 'కొండముచ్చు' అని దిద్దుకుంది. బాలనర్సింహ ఫోన్ని తిట్టిన తిట్టు రావుగారికి కూడా వినపడింది.

మాట సరిచేసి, ఫ్యాను మాటలు కూడా నేర్పాక, లైటు ఆరినప్పుడు డబ్బా చెప్పాల్సిన జవాబు రికార్డు చేయాలి. మొదటిసారి గల్లీలో స్కూటర్ హారను పడింది. రెండోసారి కుక్కరు కూసింది. మూడోసారి "ఏంటీ?" అంటూ రావుగారు వచ్చారు. నాలుగోసారికి బాలనర్సింహ ఓపిక అయిపోయింది.

"కొండెక్కిందమ్మా, కొండెక్కింది! ఇగ సల్లగుండ్రి!"

వెంకటలక్ష్మి నవ్వింది. వంకరపోయిన మూతితో, భుజాలు కదిలేలా నవ్వింది. "అదే ఉంచు నాయనా."

"తిట్టినట్టుంది గదమ్మా. మళ్ల చెప్త, ఆగుండ్రి."

"తిడితే తిట్టనీ. నా మాట విన్నది కదా. ఉంచు."

ఇక తన వల్ల కాదని ఉంచేశాడు. నెట్ వైరు పీకేసి చూపించాడు. ఆమె అన్నది, లైటు ఆరింది. ఆమె అన్నది, లైటు వెలిగింది. టెస్టరుతో స్విచ్ బోర్డు మరోసారి చూసుకొని, నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నారు రావుగారు.

"గ్యాస్ సార్. పొద్దుగాల మిర్చి బజ్జీలు తిన్న."

గ్లాసెడు నీళ్లు తాగి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఇగ నన్ను పిలిచే పని లేదమ్మా." ఈ ఒక్క మాట అనడానికే మూడేళ్లు పట్టింది. అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"పిలవను. ఊరికే రా," అన్నదామె.

ఇంటికి వచ్చేసరికి నాలుగైంది. పుష్పమ్మ గడపలో బెండకాయలు తరుగుతోంది. పక్కన కూర్చొని ఒక చెప్పు విడిచాడు.

"జేబుల టెస్టర్ ఏదయ్యా?"

తడిమి చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఎక్కడా మర్చిపోలేదు. "ఆడ్నే మర్శినట్టున్న. రేపు తెచ్చుకుంట," అని ద్వారబంధానికి ఆనుకున్నాడు. ఆమె చాయ్ పెట్టుకొని వచ్చేసరికి రెండో చెప్పు కాలికే ఉంది. ప్రాణం లేదు.

మర్నాడు పొద్దున రావుగారికి ఫోను వచ్చింది. వినపడక ఆయన ఒక్కో మాటా గట్టిగా తిప్పి అడుగుతుంటే, నడిమి గదిలో వెంకటలక్ష్మికి అంతా తెలిసిపోయింది. చాలాసేపు ఏడ్చింది.

మధ్యాహ్నం రోజూ లాగే కాసేపు కునుకు తీద్దామని, "దీపం..." అని ఆగిపోయింది. తర్వాతి మాట అంటే జవాబు ఏ గొంతుతో వస్తుందో, ఏమని వస్తుందో ఆమెకు తెలుసు. ఎవరేమన్నా వదులుకోని మాటను ఆవేళ మింగేసింది.

"నేను తీసేయనా?" అని రావుగారు గోడ మీది స్విచ్ దగ్గరికి వెళ్లారు.

"వద్దండీ. వెలగనివ్వండి."

లైటు ఆ రోజంతా వెలిగింది. గూట్లో నల్ల డబ్బా పక్కన టెస్టరు, పెట్టినచోటే ఉంది. దాని క్లిప్పుకు నీలం దారప్పోగు ఒకటి చిక్కుకొని ఉంది.