మూడో గిన్నె

ల్యాబు అసిస్టెంటు జకరయ్య కిటికీ వైపు వరసలో చివరి సిస్టంకు హార్డ్ డిస్కు తగిలించి, వంగి నిలబడ్డాడు. నడుము పట్టేసినా కుర్చీ లాక్కోలేదు. కూర్చుంటే మళ్లీ లేవాలి. కాలేజీ నెట్టును నమ్ముకుంటే పని వారానికి కూడా తెమలదని, కావలసినదంతా ఇంటి దగ్గరే దించుకుని డిస్కులో మోసుకొచ్చాడు. ఒక్కో సిస్టంలోకి ఎక్కించడం, తెర మీద గీత నిండేదాకా చూడడం, వైరు పీకి పక్కదానికి పెట్టడం. పొద్దున్నుంచీ ఇదే పని.

మెదక్‌లోని ఆ ప్రైవేటు కాలేజీలో ఈ ఏడు వెబ్‌సైట్ల తయారీ కోర్సు పెట్టారు. ఒక సిస్టంలో నడిచిన ప్రోగ్రాం పక్కదాంట్లో మొరాయించేది. పిల్లలు పిలవడం, ఈయన పరుగెత్తడం. ఆ బాధ లేకుండా ఇప్పుడు డాకర్ అనే సాఫ్ట్‌వేర్ పెడుతున్నాడు. అదేమిటని అడిగిన పిల్లలకు తనకు తెలిసిన తీరులో చెప్పాడు.

"టిఫిన్ క్యారియర్ అనుకోండ్రి. ఒక గిన్నెల మనకు కనవడే పేజీ. ఇంకో గిన్నెల లోపల పనిచేసే ప్రోగ్రాం. మూడో గిన్నెల డేటాబేస్. పులుసు పోయి పెరుగుల కలవది. పిడి మాత్రం ఒక్కటే."

ఆ పిడి ఆయన రాసిన చిన్న ఫైలు. పిల్లలు దాన్ని ఉమ్మడి ఫోల్డరులోంచి తమ సిస్టంలోకి తీసుకుని ఒక్క కమాండు కొడితే, మూడు గిన్నెలూ లేచి పనిచేస్తాయి. ఎవరి దాంట్లోనైనా ఒకే తీరు.

యాభై దాటిన మనిషి. స్క్రూడ్రైవర్ మోసీ మోసీ చొక్కా జేబు అడుగు పలచబడింది. మాట్లాడేటప్పుడు కూడా చూపుడువేలు పక్కనున్న కీబోర్డు సందుల్లో దుమ్ము తీస్తూనే ఉంటుంది. కంప్యూటర్లకు గుడ్డ తొడుగులు వేసే రోజుల్లో చేరాడు. ఆ తొడుగులు కుట్టింది ఆయన భార్యే. తొడుగులు పోయాయి, లావు తెరలు పోయి పలచటివి వచ్చాయి, ప్రిన్సిపాళ్లు వచ్చారు, పోయారు. ఆయన ఉద్యోగానికి ముందున్న 'టెంపరరీ' అన్న మాట ఒక్కటే ఎక్కడికీ పోలేదు.

అటెండరు రాజమణి చాయ్ తెచ్చి, కీబోర్డుకు ఎడంగా పెట్టింది. పెట్టి పోకుండా నిలబడింది.

"అన్నా, నీకెవరన్న చెప్పిండ్రా?"

"ఏంది?"

"వచ్చే నెల నుంచి ల్యాబు తూప్రానోళ్లకు కాంట్రాక్టు ఇస్తున్నరంట. ఆఫీసుల అనుకుంటుంటే విన్న. నువ్వు గిది పెట్టినంక ఇంక మనిషి అక్కర లేదంట. ఎవరు నొక్కినా నడుస్తదంట గదా?"

"నడుస్తది."

"మరి గట్లెందుకు చేసినవన్నా?"

జకరయ్య చాయ్ అందుకోలేదు. చెవుల వెనక వేడి పుట్టి మెడ మీదికి దిగింది. పోయిన వారం కరెస్పాండెంట్ ఇంద్రకరణ్ స్వయంగా ల్యాబుకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, 'నీ లెక్క చేసేటోడు జిల్లాల లేడు జకరయ్యా, జల్ది కానియ్యి' అన్నాడు. ఆ మాటకు మురిసిపోయి ఇంట్లో భార్యకు కూడా చెప్పుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది. ఇంద్రకరణ్ మీద ఎంత మండిందో, మురిసిన తన మీద అంతకు రెండింతలు మండింది.

రాజమణి వెళ్లిపోయాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిడి ఫైలు పక్కన ఇంకో చిన్న ఫైలుంది. మూడో గిన్నె పాస్‌వర్డు అందులోనే ఉంటుంది. అది లేకపోతే డేటాబేస్ లేవదు. దాన్ని తన పెన్‌డ్రైవులో వేసుకుని, ఉమ్మడి ఫోల్డరులోంచి తీసేశాడు. నన్ను పంపేశాక ఇది లేవక ఫోను చేస్తారు. చెయ్యనీ. మోగీ మోగీ ఆగబోయే ముందు ఎత్తుతాను, అనుకున్నాడు. పళ్లు బిగబట్టి చల్లారిన చాయ్ తాగాడు.

మధ్యాహ్నం పిల్లలు వచ్చి కూర్చున్నారు. వెనకే ఇంద్రకరణ్ తూప్రాన్ కాంట్రాక్టరును తీసుకుని వచ్చాడు. ముందు వరసలో హవేలిఘనపూర్ నుంచి బస్సులో వచ్చే సనా ఉంది.

"ఏమ్మా, నడిపించి చూపియ్యి సార్‌కు," అన్నాడు ఇంద్రకరణ్ ఆ పిల్లతో.

సనా కమాండు కొట్టింది. గిన్నెకో గీత చొప్పున తెర మీద రెండు గీతలు పచ్చగా వచ్చాయి. మూడోది ఎర్రగా వచ్చింది. ఆ పిల్ల మళ్లీ కొట్టింది. మళ్లీ ఎరుపే. తెర మీద వేలు పెట్టి, తను కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంది.

"ఫోన్లు చూసుకుంట కూసుంటే గిట్లనే ఐతది," అన్నాడు ఇంద్రకరణ్. "ఒకటి కొట్టుమంటే ఇంకోటి కొడతరు. లే, వేరేటోళ్లు కూసోండ్రి."

"చిన్నపిల్ల గదా, పోనీయండ్రి," అని కాంట్రాక్టరు నవ్వాడు.

సనా లేచింది. "నేనే ఏదో ఖరాబు చేసిన సార్," అంది, జకరయ్య వైపు చూసి. ఆ చూపులో ఫిర్యాదు లేదు. తప్పు తనదేనని నిజంగానే నమ్మింది.

"ఆ పిల్ల తప్పు లేదు," అన్నాడు జకరయ్య. "పాస్‌వర్డు ఫైలు నేనే తీసిన. కోపంల తీసిన."

"ఏం మాట్లాడుతున్నవ్? బయటి మనిషి ముంగట."

"ముంగటనే చెప్తున్న. నా పనికి నా చేత్తోనే గొయ్యి తవ్విపిచ్చిండ్రు. ఒక్క మాట చెప్తే నేను వద్దందునా? పిల్లల కోసమన్న పెట్టిద్దును సార్. చెప్పకుంట భుజం మీద చెయ్యేసిండ్రు. గదే నాకు మండింది."

 జకరయ్య ఫైలు తిరిగి ఫోల్డరులో పెట్టాడు. సనా సిస్టంలోకి కూడా తనే తెచ్చాడు.

"కూసో బిడ్డా. ఇప్పుడు కొట్టు. మూడోది జర ఆలస్యంగ లేస్తది. పరేషాన్ గాకు."

రెండు పచ్చగీతలు.  కొంచెం ఆగి మూడోదీ పచ్చబడింది.

"వచ్చింది సార్," అంది సనా మెల్లగా.

"ఆఁ," అన్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచి మెట్లు దిగాడు. వెనక నుంచి ఇంద్రకరణ్ పిలిచినట్టే వినిపించింది. ఆగలేదు.

చౌరస్తా దాకా వచ్చాక గానీ కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి తెలియలేదు. దుమ్ము పడుతుందని ల్యాబులోకి ఎవరినీ చెప్పులతో రానివ్వనిది తనే. అడుగు ఆపి వెనక్కి చూశాడు. కోపం ఇంకా తగ్గలేదు. పొద్దున పడిన జల్లుకు తారు చల్లగానే ఉంది. ఆ మాత్రం కనికరం చాలనుకుని ముందుకే నడిచాడు.

సాయంత్రం పిల్లలంతా ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని పోయారు. ల్యాబు గుమ్మం పక్కన రాజమణి చీపురు ఒక్కచోట ఆగి, చుట్టూ తిరిగి, ముందుకు కదిలింది. అక్కడ, మడమ దగ్గర ఒక పక్కకు అరిగిపోయిన తోలు చెప్పుల జత, కొనలు గోడ వైపు పెట్టి ఉంది.