దిగుడుబావి నాచు

పెద్దముడియం దగ్గరి ఆ పల్లెలో దిగుడుబావి మెట్ల మీది నాచును గీకిన మొదటి రోజే నా మీద పుకారు పుట్టింది. ప్రొద్దుటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే విశాలాక్షి మేడం పాత నెత్తురు కోసం వెతుకుతోందట. పన్నెండేళ్ల కిందట ఆ ఊరి ఆదెన్నను పార్టీ కక్షల్లో ఆ మెట్ల మీదే నరికి చంపారు. సాక్షులు లేక కేసు కొట్టేశారు. అప్పటి నుంచి ఆ నీళ్లు ఎవరూ ముట్టలేదు కాబట్టి నాచు మాత్రం హాయిగా పెరిగింది.

ఎన్నికల ఏడాది కదా, రెండు పార్టీల వాళ్లూ విడివిడిగా వచ్చి నా డబ్బాలు తెరిచి చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. నాచులో పుట్టుకతో వచ్చే వైరస్ ఉందేమో చూస్తున్నానంటే ఒక్కడూ నమ్మలేదు.

అది నిజంగానే దొరికింది. గాజుపాత్రలో పెంచిన పిల్లనాచులోనూ, దాని పిల్లలోనూ అదే వైరస్. బయట అంటుకున్నది కాదు, తల్లి నుంచి దిగింది. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. అయితే సైన్సు పత్రిక వాళ్లు తాజా నాచుతో మరోసారి చేసి చూపిస్తేనే అచ్చు వేస్తామన్నారు. ఆ నాచు నాకు ఆ బావిలో తప్ప ఇంకెక్కడా దొరకలేదు.

మళ్లీ వెళితే ఎండకు నల్లబడి ముడుచుకుపోయి ఉంది. వాన పడేదాకా ఆగక తప్పదు. ఆదెన్న భార్య మునెమ్మ గొర్రెలను వదిలి నా పక్కన కూర్చుంది.

"నరికినోళ్లెవరో ఇది చెప్తాదా అమ్మా?"

చెప్పదన్నాను. ఆమె ముఖం చూసి బాధేసింది. నేను వెతికిందేమిటో వివరంగా చెప్పాను.

"తల్లి నుంచి రోగం దిగితే నాచు చావాల గదా?"

"నాచు ఆ రోగాన్ని లేవనియ్యదు మునెమ్మా. లోపలే నొక్కిపెట్టి బతుకుతుంది."

అప్పుడు చెప్పింది. మొగుడి నెత్తుటి చొక్కా ఉతక్కుండా పెట్టెలో దాచిందట. కొడుకు గురప్పకు మీసాలొచ్చాక చూపించి పగ తీర్చుకోమనాలని మరుదులు ఒట్టు వేయించుకున్నారు. వచ్చే అమావాస్యకు చూపించాలి. వాడు అప్పటికే జమ్మలమడుగు పార్టీ జీపుల్లో తిరుగుతున్నాడు.

"వానికి నాయన మొగం గూడా గుర్తులేదు. పగను మేమే లేపుతాండాం," అంది.

నాకు ఒళ్లు మండింది. చూపించొద్దన్నాను. ఆమె లేచి గొర్రెల వెంట పోయింది.

అమావాస్యకు ముందు వాన పడింది. డబ్బాలు తీసుకుని పరుగున వెళ్లాను. మునెమ్మ ఆ బావిలోనే మెట్టు మీద కూర్చుని చొక్కా ఉతుకుతోంది. ఎంత బాదినా మరక పూర్తిగా పోలేదు. గురప్ప పైన నిలబడి చూస్తున్నాడు. అదెవరిదని అడిగాడు.

"మీ నాయనది. ఆరినాక ఏసుకోని పులివెందులకు పో. మీ మామ ఆడ చీనీకాయల తోటలో నీకు పని చూసినాడు."

సబ్బు నురుగు నా నాచు మీదుగా పారుతోంది. డబ్బాలు పక్కన పెట్టి కిందికి దిగాను. చొక్కా రెండో కొస పట్టుకుని, ఆమెతో కలిసి పిండాను.