ఎడమవైపు బోల్టు

షెడ్డు బయట బోర్డు మీద ఆయన అసలు పేరు ఎండకీ వానకీ వెలిసిపోయి చాలా ఏళ్ళయింది. అందరూ పానా అనే పిలిచేవారు. చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు అరుదు. ముప్పయ్యేళ్ళుగా ట్రయల్స్ బళ్ళే బాగుచేస్తున్నాడు. మామూలు బండి తెచ్చి బతిమాలినా, "పక్క వీధిలో చేస్తారు, అక్కడికెళ్ళు" అనేసేవాడు.

ట్రయల్స్ బండికి సీటుండదు. కూర్చుని పోవడానికి కాదది, నిలబడి రాళ్ళెక్కడానికి. పోటీలో గుండ్రాళ్ళ మీదా, పడిపోయిన దుంగల మీదా, జారుడు మట్టి మీదా దారి గీసి అటూ ఇటూ తాడు కడతారు. అలాంటి ఒక్కో దారినీ వీళ్ళు గండం అంటారు. గండం దాటేలోపు కాలు నేలకు తగిలితే ఒక తప్పు. పడితే అయిదు. రోజు గడిచేసరికి ఎవరి తప్పులు తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. వేగానికి విలువే లేదు.

పానా చెల్లెలి కూతురికి ఈ ఆట పదిహేనో ఏట అంటుకుంది. ఇప్పుడామెకు ఇరవై ఏడు. పళ్ళ డాక్టర్ల కోసం కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. సాయంత్రం తెల్ల కోటు విప్పేసి తిన్నగా షెడ్డుకొచ్చేది. మేనమామ బండి పళ్ళచక్రం విప్పుతుంటే, "పొద్దున్నంతా నేను పళ్ళు పెడతాను, సాయంత్రం నువ్వు పీకుతావు" అని నవ్వేది.

ఆ ఏడు వాళ్ళ ట్రయల్స్ క్లబ్బు తరఫున పైస్థాయి పోటీకి ఇద్దరిని పంపాలన్నారు. అందుకు పెట్టిన ఎంపిక పోటీకి నెల ముందు నుంచే పానా ఆమె బండి పని మీద పడ్డాడు. ముందు చక్రానికి ఫోర్కు నూనె మార్చాడు. వెనక టైరులో గాలి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేంతకు తగ్గించాడు, రాయిని పట్టుకోవాలని. క్లచ్ ఒక్క వేలికే అందేలా వంచాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉన్నపళంగా ఆగిపోకుండా దాని పక్కనుండే ఫ్లైవీలు చక్రానికి బరువు బిగించాడు. అన్నీ ఆమెకు నచ్చాయి. చివర్లో ఫుట్‌రెస్టుల దగ్గరే పేచీ వచ్చింది.

"వీటిని రెండు వేళ్ళు వెనక్కీ ఒక వేలు కిందకీ జరుపుతాను. నీ బరువంతా వెనక చక్రం మీద పడుతుంది. రాయి మీద కోతిలా దూకుతావు చూడు" అన్నాడు పానా.

"పోటీ ముందు వద్దు మామయ్యా. ఇప్పుడున్నచోట నా కాళ్ళకు అలవాటైపోయింది."

"నీ కాళ్ళకేం తెలుసు? నేను చెబుతున్నాగా."

ఆయన మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆమె సరేనంది.

పానా తనే ఇనప పట్టీలు కోసి, ఆకురాయితో నున్నగా అరగదీసి, రంధ్రాలు వేశాడు. ఒక్కో పట్టీకి రెండేసి బోల్టులు. పోటీ ముందురోజు మధ్యాహ్నం బిగించడానికి కూర్చున్నాడు. ఇంత బలంతోనే బిగించాలని చూపే కొలత పానా ఒకటుంటుంది. దాన్ని ఆయన వాడేవాడు కాదు. క్లబ్బులో బళ్ళను తనిఖీ చేసే మెకానిక్ ఒకాయన ప్రతి బోల్టుకూ అదే వాడతాడని ఆయనకి కొలతల పంతులని పేరు పెట్టింది కూడా పానాయే. "చేతికి తెలియదూ ఎంత బిగించాలో" అనేవాడు.

మూడు బోల్టులు బాగానే కూర్చున్నాయి. నాలుగోది, ఎడమవైపు వెనకది, ఇంకొక్క చుట్టు అనుకుంటూ లాగేసరికి మర కొరుక్కుపోయి ఊరికే తిరగసాగింది. అలాంటిది ఇంకొకటి లేదు. కొట్లన్నీ సెలవు. డబ్బాలో వెతికితే అదే పొడవు, అదే లావు ఉన్న బోల్టొకటి దొరికింది. గట్టి బోల్టు తల మీద అంకెలు చెక్కి ఉంటాయి. దీని తల బోడిగా ఉంది. తలుపు గడియలకు వాడే రకం.

పాత ఫుట్‌రెస్టులు తిరిగి పెట్టడానికి అరగంట చాలు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ అలా పెడితే ఆ పిల్ల, "చెప్పానా" అంటుంది. అనకపోయినా అన్నట్టే చూస్తుంది. ఒక్కరోజేగా అనుకుని మెత్తటి బోల్టే బిగించి, తల మీద కాస్త నల్లరంగు పూశాడు. తుప్పు పట్టకుండా అని తనకు తానే చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున కొలతల పంతులు కళ్ళజోడు సవరించుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. "పట్టీలు కొత్తవిలా ఉన్నాయే. బోల్టులు ఏ రకం వేశావు?"

"నీ పుస్తకంలో రాసిన రకమే" అన్నాడు పానా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పంతులూ నవ్వేసి తనిఖీ అయినట్టు చీటీ అంటించాడు.

ఆమె మొదటి నాలుగు గండాలూ ఒక్క తప్పుతో దాటింది. అయిదోది భుజమెత్తు బండరాయి. ముందు చక్రం ఎక్కించి, వెనక చక్రాన్ని ఎగరేసి, ఒంటి బరువంతా ఎడమకాలి మీద దిగింది. టప్పుమని చిన్న చప్పుడు. ఎడమ ఫుట్‌రెస్టు చేప తోకలా కిందకి వాలిపోయింది. ఆమె బండితో సహా పక్కకు దొర్లింది.

అందరికంటే ముందు చేరినవాడు పానా. పిల్లకి మెలకువ ఉందని, కాలు కదులుతోందని చూశాడు. ఆ వెంటనే రాతి సందులో పడి ఉన్న బోల్టు ముక్క కంటబడింది. చెయ్యి దానంతటదే పోయినట్టు పోయి దాన్ని తీసి జేబులో వేసుకుంది.

"ఏమైంది?" అని వచ్చారు నలుగురు.

"పిల్ల ఎడమకి వాలిపోయింది. పడ్డాక రాయి తగిలి పట్టీ ఊడింది" అన్నాడు పానా.

మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి ఆ ఒక్క నిమిషం ఉంది. తీసుకోలేదు. మోచిప్ప చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే ఆ పిల్ల తలెత్తి, "వాలానా మామయ్యా? నాకు తెలీనే లేదు" అంది. ఆయన ఆమె మోకాలికి గుడ్డ కట్టడంలో మునిగినట్టు తల వంచుకున్నాడు.

ఎంపికలో ఆమె పేరు రాలేదు. ఒత్తిడిలో ఎడమకి వాలిపోతోందని కమిటీ రాసింది.

దెబ్బ పది రోజుల్లో మానింది. ఆ తర్వాతే పానాకి అసలు శిక్ష మొదలైంది. ఆయన గుట్టుగా గట్టి బోల్టులు తెచ్చి బిగించేశాడు. బండికిప్పుడు ఏ లోపమూ లేదు. లోపం వెతుక్కుంటున్నది ఆ పిల్ల. రోజూ పెరట్లో సన్నటి చెక్క మీద ఎడమకాలితో నిలబడి వంద అంకెలు లెక్కపెట్టేది. పనిచేసేచోట మాత్రం ఎడమకి వాలకుండా బరువు కుడికాలి మీదే వేసి నిలబడటం నేర్చుకుంటోంది. అద్దం ముందు నిలబడి, "భుజం ఎడమవైపు దిగి ఉంది కదూ? చిన్నప్పటి నుంచీ ఇంతేనేమో" అని తల్లిని అడిగేది. బండెక్కితే ఇదివరకటిలా కాదు, రాయి ముందు ఆగిపోయేది.

పానా వింటూ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయేవాడు.

ఒకరోజు చెల్లెలు టీ తెచ్చి షెడ్డు మెట్టు మీద కూర్చుంది. "అన్నయ్యా, దాని ఆటంటే నాకు మొదటి నుంచీ భయమే. కానీ బండి మీద నీ చెయ్యి పడిందంటే నాకు దిగులుండదు. ఆ రోజు కూడా నువ్వు పక్కనున్నావు కాబట్టి సరిపోయింది."

పానా మింగలేక కక్కలేక గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తన చెయ్యే పడిందని, అందుకే పిల్ల పడిందని ఒక్క ముక్క అంటే అయిపోయేది. "చల్లారిపోతోంది, తాగు" అంది చెల్లెలు. తాగాడు.

అయిదో వారంలో ఆమె షెడ్డుకి ఒక కాగితం తెచ్చింది. పళ్ళ కొలతలు తీసే చెయ్యి కదా, బొమ్మ శుభ్రంగా గీసింది.

"ఎడమవైపు ఫుట్‌రెస్టు ఒక్కటే ఆరు మిల్లీమీటర్లు పైకి లేపు మామయ్యా. కుడివైపు అలాగే ఉంచు. అప్పుడు వాలినా సరిపోతుంది. నా ఒళ్ళే వంకరైతే బండినీ వంకరగా చేసుకోవాలి, ఏం చేస్తాం?"

నవ్వుతూనే అంది. పానా కాగితం అందుకున్నాడు. పట్టీ విప్పి బల్ల మీదున్న వైసు దవడల్లో పెట్టాడు. కొత్త రంధ్రానికి గుర్తు కొట్టి, డ్రిల్లింగ్ మిషన్ ఆన్ చేశాడు. తిరుగుతున్న మొన ఇనుముకి గోరంత దూరంలో ఆగింది. కిందకి పోవడం లేదు. ముప్పయ్యేళ్ళలో ఎన్నో బళ్ళు వంకర తీశాడు గానీ, చక్కగా ఉన్న మనిషి కోసం చక్కగా ఉన్న బండిని వంకర చేయడం ఇదే మొదలు.

"ఏంటి మామయ్యా?"

"నువ్వు వాలలేదు" అన్నాడు. మిషన్ మోతలో ఆమెకి వినబడలేదు. చెయ్యి చాపి తనే స్విచ్ ఆపేసింది. అప్పుడు మళ్ళీ అన్నాడు. "నువ్వు వాలలేదమ్మా. బోల్టు విరిగింది. విరిగాకే పడ్డావు. అది మెత్తటి బోల్టు. నేనే వేశాను."

సొరుగు లోపలి నుంచి గుడ్డముక్కలో చుట్టిన బోల్టు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎందుకు పారెయ్యలేదో ఆయనకే తెలియదు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని విరిగిన చోటు చూసింది. గోటితో నల్లరంగు గీకింది. కింద బోడి తల కనబడింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పడగానే." ఆగాడు. "కాదు. వేసినప్పుడే తెలుసు."

"బోల్టు సంగతి అలా ఉంచు. లేక వేశావు, సరే. రంగెందుకు పూశావు?"

ఆయన మిషన్ ప్లగ్గు ఊడదీశాడు.

"అయిదు వారాలు మామయ్యా" అంది ఆమె. గొంతు పెంచలేదు. "చెక్క మీద నిలబడి లెక్కపెడుతుంటే నువ్వు అక్కడే కూర్చుని చూశావు. ఒకరోజు తప్పు లెక్కపెడితే సరిచేశావు కూడా. అరవై ఆరు కాదు అరవై ఏడన్నావు."

నిజమే, అలా అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఆమె పట్టీని దవడల్లోంచి తీసి, మారు మాట్లాడకుండా తనే బిగించుకుంది. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, బండిని నడిపించుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి కుడివైపు తిరిగింది. అటువైపున్నది కొలతల పంతులు షెడ్డు.

ఆ ఆదివారం క్లబ్బు సమావేశంలో పానా లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇరవై మంది ఉన్నారు. చెబుతున్నంతసేపూ చూపు ఎదుటి కుర్చీ కాలు మీదే ఉంది. ఎంపిక మారదని, పేర్లు పంపేశామని అధ్యక్షుడు అన్నాడు. వెనకెవరో, "ఇప్పుడు చెప్పి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు" అన్నారు. అంతవరకు ఆయన ఓర్చుకోగలిగాడు. అప్పుడు కొలతల పంతులు లేచాడు.

"తప్పు నాది కూడా. వంగి బోల్టు తల చూడాల్సినవాణ్ణి. ఆయన మాట మీద చీటీ అంటించేశాను. అది కూడా రాసుకోండి" అని కూర్చున్నాడు.

ఎగతాళి చేసి ఉంటే బాగుండేదనిపించింది పానాకి. ఇన్నేళ్ళు తను పేరు పెట్టి నవ్విన మనిషి తన బరువులో సగం ఎత్తుకున్నాడు. ఇంటికొచ్చి చెల్లెలికీ చెప్పాడు. ఆ మర్నాటి నుంచి మెట్టు మీదికి టీ రావడం ఆగిపోయింది.

రెండు నెలల తర్వాత జరిగిన మామూలు పోటీకి ఆమె పంతులు సిద్ధం చేసిన బండి మీద వెళ్ళింది. పానా తాడు బయట జనంలో వెనకగా నిలబడి చూశాడు. ఆమె రాయి ముందు ఆగలేదు. మూడో స్థానం వచ్చింది. ఆయన పలకరించకుండానే వచ్చేశాడు, ముఖం చెల్లక.

తర్వాతి వారం ఆమె బండి నడిపించుకుంటూ షెడ్డుకొచ్చింది.

"పంతులుగారు బాగా చేస్తారు. కానీ ఇక నుంచీ నా బండి నేనే విప్పుకుంటాను. నువ్వు నేర్పు. చెయ్యి మాత్రం పెట్టకు, నోటితో చెప్పు చాలు."

"సరే" అన్నాడు.

అలా ఆయన స్టూలు మీద, ఆమె నేల మీద. చెయ్యి పెట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకి మొదటి గంటలోనే తెలిసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. ఆమె ఒక్కొక్కటీ అడిగి విప్పుతోంది. కొలత పానా ఒకటి కొనుక్కుని తెచ్చుకుంది. దాని గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. కార్బురేటర్ కింద గిన్నె ఊడదీస్తూ, పళ్ళ పనిలో వాడే సన్నటి చాకు మొన అంచులో, పెట్రోలు కారకుండా వేసే అడుగు కాగితం దగ్గర దూర్చింది.

"అయ్యో, అడుగు కాగితం చించేశాను మామయ్యా" అంది వెంటనే. "నాదే తప్పు, తొందరపడ్డాను. ఇప్పుడేం చెయ్యాలి?"

చాకు పక్కన పెట్టి, చిరిగిన ముక్క ఎత్తి చూపిస్తూ ఆయన వంక చూసింది. అందులో భయం లేదు, దాపరికం లేదు. అన్నం చల్లారిందని చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. పానాకి అయిదు వారాలు పట్టిన మాట అది.

"ఏం కాదు" అన్నాడు. "ఆ అలమారలో మందపాటి కాగితం ఉంటుంది. గిన్నె అంచుకి నూనె రాసి కాగితం మీద ఒత్తు, గుర్తు పడుతుంది. కత్తెరతో కోసుకో."

ఆమె లేచి వెళ్ళి కాగితం తెచ్చింది. గాలికి అది చుట్టుకుపోతోంది. రెండుసార్లు చదును చేసి చూసి, "ఈ మూల పట్టుకో" అంది.

ఆయన తొడ కింద నుంచి ఒక చెయ్యి తీసి ఆ మూల పట్టుకున్నాడు.