ఖాజావలికి రెండో మందు

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు ఖాజావలి ఇరవై రోజులపాటు తలనొప్పిని లెక్కచేయలేదు. ఒకరోజు పొద్దున టీ గ్లాసు అందుకోబోయి పక్కనున్న గాలిని పట్టుకున్నాడు.

"రెండు గ్లాసులు పెట్టావేంటే?"

భార్య రసూల్‌బీ వెంటనే ఆటో పిలిచి గుంటూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించింది.

వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాక డాక్టర్ ఆశ్రిత అడిగింది. "ఇంట్లో పావురాలున్నాయా?"

"నలభై!" అంది రసూల్‌బీ, ఇన్నాళ్లకు తన గోడు వినే మనిషి దొరికినట్టు.

"మాత్రలేమైనా వాడుతున్నారా?"

"మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చిన చిన్న తెల్లమాత్రలమ్మా. ఎనిమిది నెల్లయింది."

అవి స్టెరాయిడ్లు. ఒంట్లో తట్టుకునే శక్తిని అవి తగ్గిస్తే, పావురాల రెట్ట దుమ్ములో ఉండే ఈస్టు ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కణ్ణుంచి మెదడు పొరలకు చేరి ఉంటుందని డాక్టరు చెప్పింది.

"ఈస్టంటే బ్రెడ్డులో వేసేదే కదమ్మా?"

"దాని చుట్టమే. కాకపోతే దుర్మార్గపు చుట్టం. దీనికి రెండు మందులు కలిపివ్వాలి. సెలైన్‌లో ఎక్కించేది దాని పొరకు చిల్లులు పెడుతుంది. మాత్ర లోపలికి దూరి అది పెరక్కుండా ఆపుతుంది. ఒక్కటే ఇస్తే ఆలస్యమవుతుంది."

"అయితే రెండూ ఇవ్వండి."

మాత్ర గుంటూరులో దొరకలేదు. డాక్టరు నాలుగు ఫోన్లు చేస్తే చెన్నైలో ఒక షాపులో ఉందని తేలింది. అప్పటికే మిర్చి లోడు లారీతో చెన్నై దారిలో ఉన్న తన తమ్ముడు యూసుఫ్‌కు రసూల్‌బీ మందుల చీటీ ఫోటో పంపింది.

ఈలోగా సెలైన్ మందు మొదలుపెట్టారు. ఎక్కించిన గంటకే ఆ మందు తెప్పించిన చలికి ఖాజావలి మంచం ఊగేలా వణికాడు. రెండు దుప్పట్లు కప్పినా ఆగకపోతే, రసూల్‌బీ వాటి అంచుల మీద బైఠాయించింది.

"చంపుతావా ఏంటే!"

"నువ్వు బతకాలనే, కదలకు."

మూడోరోజు యూసుఫ్ మాత్రలు తెచ్చాడు. దారిలో ఇంటి దగ్గర ఆగి పావురాలను వేటపాలెం స్నేహితుడికి ఇచ్చేశానన్న కబురూ తెచ్చాడు. ఖాజావలి గోడవైపు తిరిగి పడుకున్నాడు, కానీ మాత్ర మాత్రం మింగాడు.

ఆరు గంటలకో మాత్ర. రసూల్‌బీ ఫోన్ అలారం మోగగానే పక్కమంచం మీది రిటైర్డ్ మాస్టారు లక్ష్మీనరసింహం గారు, "ఖాజావలీ, బెల్లు కొట్టారు!" అని కేకేసేవారు. కిడ్నీలు, రక్తకణాలు దెబ్బతినకుండా చూసుకోవడానికి రోజు మార్చి రోజు రక్తపరీక్ష. వారం తిరిగేసరికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్లు పట్టుతప్పాయి. దానికిచ్చిన సిరప్ తాగి అతను మొహం పెట్టిన తీరుకు నర్సు కూడా నవ్వింది.

పన్నెండోరోజు మధ్యాహ్నం పెరుగన్నం కలుపుతున్న భార్యను అతను తేరిపార చూశాడు.

"ఏమే, ముక్కుపుడక రాయి ఎప్పుడు ఊడింది?"

"పెళ్లయిన మూడో ఏడు."

అనేశాక రసూల్‌బీకి తట్టింది. అంత చిన్న రాయి లేకపోవడం కూడా అతని కంటికి ఆనింది! చేతికి అన్నం అంటుకుని ఉందని మరిచిపోయి కొంగు కళ్లకద్దుకుంది. కొంగంతా పెరుగే.

రెండు వారాలకు మళ్లీ వెన్నునీరు తీశారు. ల్యాబులో పెట్టి చూస్తే అందులో ఈస్టు పెరగలేదు. "ఇంకో మాత్ర ఉంది, ఏడాది వాడాలి. ఆ తెల్లమాత్రలు ఎంత వాడాలో, ఎలా తగ్గించాలో నేను చెబుతాను. ఆరెంపీ కాదు" అని డాక్టరు గట్టిగా చెప్పి పంపింది.

ఇంటికెళ్లే కిరాయి కారులో ముందుసీటు ఎక్కిన ఖాజావలి, ఇంజనులో ఏదో చప్పుడొస్తోందని పేట చేరేదాకా డ్రైవరును సతాయిస్తూనే ఉన్నాడు. వెనకసీట్లో రసూల్‌బీ హాయిగా నిద్రపోయింది.