ఈ ఏటి డబ్బాలో తేనె లేదు

మా ఇనప బీరువాలో, నా చొక్కాల కింద, ఆరు గాజు సీసాలుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ఏటి పైపు పొగాకు, గుప్పెడంత. మూత చుట్టూ మైనం, మైనం మీద సంవత్సరం. మా ఆవిడ లోకేశ్వరి వాటిని నా అస్థికలంటుంది. తన నగలనైనా నేనింత జాగ్రత్తగా దాచిన పాపాన పోలేదని ఆమె బాధ.

నాకు తిరుపతి గాంధీ రోడ్డులో అటవీ సరుకుల దుకాణం ఉంది. కుంకుళ్లు, శీకాయ, చింతపండు, అన్నిటికన్నా ముఖ్యంగా తేనె. పేరు పరంధామయ్య అయినా బజారులో నన్ను ముక్కయ్య అంటారు. తేనె డబ్బా మూత తీస్తే చాలు, ఏ పూతదో, ఏ కొండదో, ఎవడు పాకం కలిపాడో చెప్పేవాణ్ణి. నేను బాగుందంటే శ్రీకాళహస్తి నుంచి చిత్తూరు దాకా వ్యాపారులు వాసనైనా చూడకుండా కొనేవారు. ఆ గర్వం తలకెక్కింది. ఎక్కదా మరి?

2018 నుంచి చెన్నైలో ఒక చిన్న కంపెనీ నేను పంపే తేనెలో ఆకు నానబెట్టి పైపు పొగాకు తయారుచేస్తోంది. ఏటా ఒక్కసారే, మూత మీద సంవత్సరం వేసి అమ్ముతారు. డిసెంబరులో నాకో పొగాకు డబ్బా పంపుతారు. నేను పంపే ఆ తేనె గోవిందయ్యది. భాకరాపేట అవతల కొండ కింద పల్లె అతనిది. తలకోన వైపు బండల అంచున తాడుకు వేలాడి తేనెపట్టు కోస్తాడు. పైన తాడు పట్టుకునేది అతని బామ్మర్ది చిన్నబ్బ. పట్టు కోసేవాళ్లలో ఆ తాడు బామ్మర్ది చేతికే ఇస్తారు. అక్క తాళి తెగనివ్వడని నమ్మకం.

డబ్బా వచ్చిన రోజు గోవిందయ్యను పిలిపించేవాణ్ణి. మొదటి వాసన కొండెక్కినవాడిది. ఆ తర్వాత నేను పైపు నింపి వెలిగించి, పాత సీసాలు తెరిచి పోల్చి, నోటుబుక్కులో రాసేవాణ్ణి. 2018: 'నేరేడు పూత. గొంతు చివర చిరుచేదు. దీన్ని మించింది రాదు.' 2019: 'కానుగ పూత. పొగ మెత్తన.' 2020 కూడా బాగానే ఉంది. 2021లో నాకు జ్వరమొచ్చి పది రోజులు వాసన తెలియలేదు. తర్వాత వచ్చిందనుకున్నాను. ఆ ఏడు రాసింది: 'వానలు దంచిన ఏడు. తేనె పలచన.' అప్పటి నుంచి పాత సీసాలు తెరవడం మానేశాను. నా ముక్కుకు గుర్తుండదా, మైనం పాడుచేయడమెందుకు అనుకున్నాను. 2022: 'తేనె వెనకబడింది.' 2023: 'తేనె ఉందా?' ప్రతి ఏడూ కంపెనీకి ఫోన్ చేసి చెడామడా తిట్టేవాణ్ణి. వాళ్లు మాత్రం ఏమీ మార్చలేదనేవారు.

2024 డబ్బా వచ్చిన రోజు దుకాణంలో ముగ్గురు వ్యాపారులున్నారు. గోవిందయ్య వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. "నేరేడు, అన్నా. తొలి ఏటి మాదిరే ఉండాది" అన్నాడు.

నేను పైపు వెలిగించాను. వేడి తప్ప ఏమీ లేదు. మళ్లీ పీల్చాను. ఒళ్లు మండింది. ఆ ఏడు అతను తెచ్చిన తేనె డబ్బా తీయించి వేలితో నాకాను. తియ్యగా ఉంది. తీపి తప్ప మరేమీ లేదు.

"తీపి ఉండాది, తేనె లేదు. బెల్లంపాకం కలిపినావు" అన్నాను.

"అన్నా, ఇంకోసారి సూడు. నేనట్లా కలిపేటోణ్ణి కాదు."

"నా ముక్కుకే చెప్తాండావా?"

అంతటితో ఊరుకున్నానా? తేనె వ్యాపారులందరికీ ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపుంది. గోవిందయ్య తేనె ఎవరూ కొనొద్దని అతని ఎదుటే అందులో రాశాను. అతను ఖాళీ డబ్బాలు తీసుకొని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు, ఒక పొద్దున వంటింటి గడప పక్కన పేపరు చదువుతున్నాను. లోకేశ్వరి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "పప్పు బొగ్గయిపోయింది. ఇల్లంతా కంపు. పక్కనే కూసోని ఏం చేస్తాండావు?"

పొగ కనపడింది. కంపు లేదు. లేచి బీరువా తీశాను. 2018 సీసా మైనం గోళ్లతో గీకి తెరిచి ముక్కుకు ఆనించాను. ఏమీ లేదు. మిగిలిన ఐదూ తెరిచాను. ఆరేళ్లలో ఒక ఏటికీ ఇంకో ఏటికీ తేడా లేదు. వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బాలో ముఖం పెట్టాను. అదీ లేదు. నా ముక్కు పోయిందన్న ఏడుపు తర్వాత వచ్చింది. ముందు గోవిందయ్య గుర్తొచ్చాడు.

డాక్టరు పరీక్షలు చేసి, ఆ జ్వరం నాటి నుంచే కొద్దికొద్దిగా పోతూ వచ్చిందన్నాడు. ఇక తిరిగి రాదన్నాడు. తీపి, కారం నాలుకకు తెలుస్తాయట, మిగతాదంతా ముక్కు పనేనట. తేనె, బెల్లంపాకం ఇక నాకు ఒకటే.

మర్నాడే భాకరాపేట బస్సెక్కాను. గోవిందయ్య ఇంటి చూరుకు తాడు చుట్టగా వేలాడుతోంది. దాని మీద బూజు పట్టి ఉంది. వసారాలో నిండు డబ్బాలు వరసగా ఉన్నాయి. తప్పు నాదేనని చెప్పి ఏడ్చాను. అతను లోపలికి వెళ్లి గిన్నెలో తేనె తెచ్చి నా ముందు పెట్టాడు.

"తిని చెప్పన్నా. ఏ పూత?"

నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. గిన్నె అతని వైపు జరిపాను.

"నేరేడు" అన్నాడు. "కొనేటోళ్లు లేక మళ్లా కొండెక్కలేదు. చిన్నబ్బ పులికాట్ కాడ రొయ్యల గుంటలకి కాపలాకి పోయినాడు. నువ్వు ఆ పొద్దు రాసినావే, ఆడనే రాయి. గోవిందయ్య కలపలేదని రాయి."

రాశాను. నా ముక్కు పోయిందని, మూడేళ్లుగా తేనె వాసనే తెలియలేదని, గోవిందయ్య తేనె మేలైనదని, కొనమని వేడుకుంటున్నానని. అతను నా పక్కనే చాప మీద కూర్చున్నాడు. అతనికి చదువు రాదు. కాసేపటికి ఫోన్ మోగసాగింది.

"ఏమని రాసినారు?"

"తర్వాత చెప్తాలే."

"చదువన్నా. నా గురించే కదా."

చదివాను. కాళహస్తి మునిప్రసాద్: "ముక్కు పోయిందంటివి, మంచి తేనె అని ఇప్పుడెట్లా చెప్తాండావు?" చిత్తూరు ధనశేఖర్: "గోవిందయ్య ఇంటికొచ్చి ముక్కయ్య కాళ్లు పట్టుకున్నట్టుండాడు. మన అన్నది జాలిగుండె." ఇంకొకడు: "ఎంతైనా ముక్కయ్య నోట పాకం మాట ఊరికే వచ్చుంటాదా? మనకెందుకు, వదిలేద్దాం."

నేను మళ్లీ టైపు చేయబోయాను. గోవిందయ్య నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకొని చాప మీద బోర్లా పెట్టాడు. చూరు కింది తాడు వైపు చూశాడు.

"పైన మా బామ్మర్ది ఎప్పుడూ వదల్లేదన్నా" అన్నాడు. "కింద నువ్వు పట్టుకొని ఉండావనుకుంటి."

తర్వాత గిన్నెలో మిగిలిన తేనె మళ్లీ డబ్బాలో పోసి మూత పెట్టాడు.